వైరు పీకాక తగిలిన షాక్

“నిజంగా నీకు వచ్చా?” నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది మేరిమ్.

“పవర్ సప్లయే కదా! అదేమన్నా బ్రహ్మవిద్యా?” అన్నాడు ఎల్దియార్.

నిజానికి అతనికి వచ్చిన విద్య ఒక్కటే. కరకోల్ ఊరి బళ్లో పిల్లలకి కోముజ్ అనే మూడు తీగల వాద్యం వాయించడం నేర్పుతాడు. పై అంతస్తులో ఉండే మేరిమ్ ఇంట్లోనే కూర్చుని కార్టూన్లకి కిర్గిజ్ భాషలో గొంతు ఇస్తుంది. మెట్ల మీద ఆ గొంతు వినబడితే చాలు, అతని వేళ్లు రాగం తప్పేవి. అలాంటిది ఇవాళ తనే కిందికొచ్చి, “నా కంప్యూటర్ చచ్చింది, రేపటికల్లా రికార్డింగ్ పంపాలి” అనేసరికి, “నేనున్నాగా!” అని నోరు జారాడు.

బయట వాన దంచుతోంది. ఎల్దియార్ ప్లగ్ పీకాడు.

“చూశావా, కరెంటే లేదు. ఇంకేం భయం?”

“డబ్బా మీద విప్పొద్దని రాసుందిగా!”

“అలాగే రాస్తార్లే.”

పవర్ సప్లయ్ డబ్బా మూత విప్పి స్క్రూడ్రైవర్ లోపల పెట్టాడు.

ఫట్!

చెయ్యి భుజం దాకా గుంజేసింది. వెనక్కి విరుచుకుపడ్డాడు. మేరిమ్ కెవ్వుమంది. పిండి చేతులతో వంటింట్లోంచి వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది. ముగ్గురూ ఆ వానలోనే ఆసుపత్రికి వెళ్లారు.

గుండె పరీక్ష చేసి డాక్టర్ తిట్టాడు. “ప్లగ్ పీకినా అందులో కెపాసిటర్లు కరెంటు దాచుకుంటాయయ్యా! గుండెలోంచి పోయుంటే? అదృష్టం, వేలు కాలడంతో సరిపోయింది.”

వరండాలోకి రాగానే మేరిమ్ కళ్లు తుడుచుకుంది.

“ఒక్క ముక్క రాదు కదూ నీకు?”

“రాదు.”

“మరెందుకు చేశావు?”

“మీ ఇంటికి రావడానికి ఇంకో వంక దొరకలేదు.”

“వచ్చి టీ అడిగితే సరిపోయేది కదా, మొద్దూ! నీకేమన్నా అయ్యుంటే నేనేమైపోయేదాన్ని?”

అన్నాక గానీ తనేం అందో ఆమెకి తెలియలేదు. బుగ్గలు కందిపోయాయి. అతనికి వేలి మంట గుర్తే లేదు.

“మేరిమ్, నువ్వంటే నాకు...”

“ఆ సంగతి మెట్లెక్కే పిల్లికి కూడా తెలుసు,” అంది వెనకనుంచి వాళ్లమ్మ. “ముందు కొట్టుకెళ్లి కొత్త డబ్బా కొనండి. బిగించేది కూడా ఆ కొట్టువాడే, తెలిసిందా?”

“అలాగే, ఆంటీ.”

“ఆదివారం మీ అమ్మని తీసుకురా. వచ్చేటప్పుడు, కాబోయే కోడలికి అత్తగారు పెట్టే చెవిపోగులు మరిచిపోవద్దని చెప్పు.”

మేరిమ్ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని, వానలోకి నవ్వుకుంటూ పరుగెత్తింది.