జొన్నపిండిలో నల్ల రజను

"అన్నా, నా బతుకు ఆగమైంది! పిండిల ఇసుక కలిపిన్నంటున్రు!" అంటూ అంజమ్మ మెట్లెక్కి వచ్చిపడింది.

కింద గల్లీలో టాక్సీల హారన్లు. అసిస్టెంటు తుకారాం చెవికి పిండి కాస్తా బండిగా చేరింది. "బండిల ఇసుక గాక ఇంకేం పోస్తరక్కా?"

"పిండి, తమ్మీ! జొన్నపిండి!"

కామాఠిపురాలో చెయ్యి తిరిగిన డిటెక్టివ్ బాలనర్సయ్య, అతని వైపు ఓ చూపు విసిరి, ఆమెకు కుర్చీ జరిపాడు. రత్నాబాయి నడిపే పూటకూళ్ళ ఖానావళిలో పిండి విసిరేదీ, రొట్టెలు కొట్టేదీ అంజమ్మే. పడక కూడా అక్కడే. మరపిండికి రుచి ఉండదని రత్నాబాయి పట్టు. అందుకే పాలమూరు నుంచి తెచ్చిన విసుర్రాయి. ఈ ఉదయం తిన్నవాళ్ళందరికీ పంటి కింద రాయి. అంజమ్మ జొన్నలు దాచుకుని ఇసుక కలిపిందని నింద. సాయంత్రానికల్లా మూట సర్దుకొమ్మంది రత్నాబాయి.

"ఎవరెవరు మొత్తుకున్నరు?"

"అందరు. తినేటోళ్ళంత రాళ్ళపనోళ్ళే. అండ్ల ఒక్క దుర్గయ్యనే సప్పుడు చెయ్యకుంట తిన్నడు. మంచిగున్నయన్నడు."

"ఇసురుతుంటే చేతులు గుంజినయా?"

"దినాం గుంజుతయి. ఇయ్యాల రాయి అల్కగ తిరిగింది. కొత్త జొన్నలనుకున్న."

బాలనర్సయ్య మీసం దువ్వాడు. తుకారాం మురిసిపోయాడు. గురువు మీసం లేచిందంటే కేసు కూచున్నట్టే.

సాయంత్రం ఖానావళిలో అందరూ చేరారు.

"నేను జల్లెడ పట్టిన. ఏం దొరకలే. నోట్లె మాత్రం కరకర!" అంది రత్నాబాయి.

"పిండంత సన్నగున్నది జల్లెడల నిలుస్తదా, వదినా? నీళ్ళు తే."

బాలనర్సయ్య గిన్నెడు నీళ్ళలో పిండి కలిపాడు. క్షణం ఆగి, పైనున్న తెల్లనీళ్ళు వంచాడు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వంపు. చివరికి అడుగున చిటికెడు నల్ల రజను మిగిలింది. నిజం నిలకడ మీద తేలుతుందంటారు. ఇక్కడ పిండి తేలింది, నిజం మునిగింది!

రజనును ఇత్తడి పళ్ళెంలో ఆరబెట్టాడు. తుకారాం నాగ్‌పాడా పాతసామాన్ల దుకాణం నుంచి తెచ్చిన అయస్కాంతాన్ని దానిపై తిప్పాడు. తళుక్కుమనే తునకలు కొన్ని ఎగిరి అంటుకున్నాయి.

"అంటింది ఉలి ముక్కుకెల్లి రాలిన ఇనుము. అంటనిది నల్లరాయి, మీ విసుర్రాయి రంగే. ఇసుక కానే కాదు. ఎవరో అరిగిన రాయికి ఉలితోని కొత్తగ గంట్లు కొట్టిన్రు, అందుకే అల్కగ తిరిగింది. గంట్లు కొట్టినంక రజను పొయ్యేటట్టు ముందు తవుడు విసిరి పారబొయ్యాలె. సంగతి తెల్వక అంజమ్మ సీదా జొన్నలే పోసింది. ఇక్కడ ఉలి పట్టెటోళ్ళు చానామంది. రాళ్ళరొట్టె తిని మంచిగున్నదన్నోడు ఒక్కడే."

తలలన్నీ దుర్గయ్య వైపు తిరిగాయి. రోజంతా రాళ్ళు పగలగొట్టే మనిషి పిండి పిండైపోయాడు.

"నువ్వు నల్లకాడికి నీళ్ళకు, రత్నక్క బజారుకు పోయినప్పుడు కొట్టిన, అంజమ్మా. దినాం భుజం పట్టుకుని మూలుగుతుంటివి గద, చూడలేకపోయిన."

"తవుడు ఇసరుమని చెప్పొద్దారా, మొద్దూ?" రత్నాబాయి కసిరింది.

"చెప్తే నేనే కొట్టిన్నని తెలుస్తది గద, అక్కా!"

ఖానావళి గొల్లుమంది. రత్నాబాయి అంజమ్మ మూట విప్పి, చీరలు ఒక్కొక్కటే మళ్ళీ దండెం మీద వేసింది.

దుర్గయ్య తలెత్తలేదు. "ఇగ ఒక్కదానివే ఇసరొచ్చు, అంజమ్మా. చేతులు గుంజవు."

అంజమ్మ విసుర్రాయి ముందు కూర్చుని, గుప్పెడు తవుడు పోసింది.

"ఒక్కదాన్నే ఎందుకు ఇసురుత? రా, ఇటు కూసో. పిడి పట్టు."