సున్నపుబట్టీ మలుపులో హారన్

ఎ.కొండూరు దాటి తిరువూరు వైపు వస్తుంటే, మామిడితోటల మధ్య రోడ్డు ఒకచోట కొడవలిలా వంగుతుంది. ఆ వంపులో అప్పట్లో పాడుబడ్డ సున్నపుబట్టీ ఉండేది. సగం కూలిన దాని గోడ అడ్డమొచ్చి, ఎదురుగా ఏమొస్తోందో కనపడేది కాదు. డెబ్బై నాలుగు ప్రాంతంలో ఆ మలుపుకి చెడ్డపేరు వచ్చింది.

పొద్దుగూకితే అక్కడ ఒక ఆడది రోడ్డు మీదికొస్తుందని చెప్పుకునేవాళ్లు. తెల్లచీర... విరబోసుకున్న జుట్టు... మోకాళ్లదాకా పాలిపోయిన తెల్లటి కాళ్లు. లారీల జోలికి పోదు, బస్సుల జోలికి పోదు. కారు కనిపిస్తే మాత్రం అడ్డంగా నిలబడి, అద్దం దగ్గరికి వంగి ఏదో అడుగుతుంది. ఏం అడుగుతుందో నిలబడి విన్నవాడు లేడు. హారన్ మోగించుకుంటూ, ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయినవాళ్లే అందరూ.

తిరువూరు పీర్‌సాహెబ్‌కి మాత్రం ఆ రోజుల్లో దెయ్యం సంగతి పట్టించుకునే తీరిక లేదు. అతనికి ఒళ్లంతా కోపం.

వీరరాఘవయ్యగారి దగ్గర డ్రైవరతను. కారు తెల్లదొరల కాలం నాటి నల్లకారు. ఇంజను ఇంకా కుదురుగానే ఉండేది. హారనే మోగదు. స్టీరింగు మధ్యలో నొక్కే బిళ్ళ కింద కాంటాక్టు విరిగి ఏడాదైంది.

"హారన్ బాగుచేయిద్దామండి" అన్నప్పుడల్లా, "నీకు నోరు లేదంట్రా? కేకెయ్" అనేవాడు వీరరాఘవయ్య.

కేకలే వేశాడు. కుడిచెయ్యి బయటపెట్టి తలుపు మీద దబదబా బాదాడు. సైకిళ్లవాళ్లు తిట్టారు, బండ్లవాళ్లు తిట్టారు. గొంతు బొంగురుపోయి ఇంట్లో మామూలు మాట కూడా అరుపులాగే వచ్చేది. "నా మీదెందుకు అరుస్తావు, ఆయన మీద అరుచుకో" అనేది అతని భార్య మస్తాన్‌బీ.

ఎండాకాలం వెళ్లాక అయ్యగారు మరీ వింతగా తయారయ్యాడు. మెకానిక్కు ఎవడైనా ఆ స్టీరింగు ముట్టుకుంటే ఊరుకోనన్నాడు. బెజవాడ నుంచి తిరిగొచ్చేటప్పుడు చీకటి పడేలా ఉంటే సున్నపుబట్టీ దారి వద్దనేవాడు. అదేమంటే... దెయ్యం. విస్సన్నపేట మీదుగా చుట్టు తిరిగి రావాల్సిందే.

ఆ రోజు బెజవాడలో, బిందె చంకనెత్తుకున్న పిల్ల ఒకతి చూసుకోకుండా కారు ముందుకొచ్చింది. పీర్‌సాహెబ్ కేకెయ్యబోయాడు. గొంతు పెగల్లేదు. బ్రేకు మీద నిలబడినంత పని చేస్తే, బంపరు ఆ పిల్ల పరికిణీకి తగిలి ఆగింది. తల్లి పరిగెత్తుకొచ్చి, "హారన్ కొట్టడానికి చెయ్యి పడిపోయిందా నీకు?" అని అతని మొహం మీదే అడిగింది.

వెనకసీట్లో వీరరాఘవయ్య కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ఇక పీర్‌సాహెబ్ ఆగలేదు. అయ్యగారు ప్లీడరు ఇంట్లోకి వెళ్లగానే కారు నీడకి లాగి, ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. స్టీరింగు మధ్య నల్లబిళ్ళ తిప్పి పైకి లాగాడు. కింద తుప్పు పట్టిన స్ప్రింగు. దాని కింద చిటికెనవేలి గోరంత ఇత్తడి రేకు — సగానికి విరిగి పక్కకి ఒరిగి ఉంది. బిళ్ళ నొక్కితే ఆ రేకు కింది రేకుకి తగలాలి. తగిలితేనే హారన్ మోగేది.

"ఇంతేనా!" అన్నాడు పైకే. "ఈ గోరంత ముక్క కోసమా ఏడాది నన్ను కుక్కలా అరిపించింది!"

పాత టార్చిలైటు లోపలి ఇత్తడి పట్టీ కత్తిరించాడు. వంచి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త స్క్రూతో బిగించాడు. చిట్లిన తీగకి టేపు చుట్టాడు. బ్యాటరీ కలిపి బిళ్ళ మీద గుద్దినట్టు నొక్కాడు.

వీధి వీధంతా తిరిగి చూసింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ...

వీరరాఘవయ్య చెప్పులు లేకుండా బయటికి పరిగెత్తుకొచ్చాడు. తిడతాడనుకున్నాడు పీర్‌సాహెబ్. తిట్టలేదు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "విప్పావా..." అని మాత్రం గొణిగాడు.

తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. విస్సన్నపేట దారిలో వాగు పొంగిందన్నారు. ఇక ఉన్నది ఎ.కొండూరు దారే.

మలుపు దగ్గరపడేసరికి వాన వెలిసింది. చీకటి మాత్రం చిక్కగా ఉంది. పీర్‌సాహెబ్ అలవాటు కొద్దీ బిళ్ళ మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"కొట్టకు!" వెనక నుంచి గుసగుస. "దాన్ని లేపుతావా ఏంటి... మెల్లగా పోనీ."

లైట్లు గోడ మీదుగా జారాయి. కూలిన ఇటుకలు... పిచ్చిమొక్కలు... తెల్లచీర.

ఆమె రోడ్డు మధ్యలో ఉంది.

"ఆపకురా! గుద్దేసి పో!"

పీర్‌సాహెబ్ బ్రేకు తొక్కాడు. ఆ మాటకి అతని వెన్ను జలదరించింది — దెయ్యాన్ని చూసి కాదు.

ఆమె నెమ్మదిగా పక్కకొచ్చింది. తడిసిన సున్నం వాసన. జుట్టు మొహం మీద పడి కళ్లు కనపడటం లేదు. అద్దం దగ్గర వంగింది...

"హారన్ కొట్టు."

పీర్‌సాహెబ్ బిళ్ళ వైపు చూశాడు. చెయ్యి లేవలేదు.

"ఒక్కసారి... కొట్టు."

నొక్కాడు. ఆ మోత బట్టీ గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. అది పూర్తిగా అణిగేదాకా ఆమె తల వంచి వింది.

"ఇది కాదు" అంది. వెనక్కి తిరిగి గోడ వైపు నడిచింది.

వెనకసీట్లో పెద్ద ఊపిరి. ఆ వెంటనే సన్నటి నవ్వు. "బతికించావురా పీరూ! నిన్న వచ్చుంటే ఏమయ్యేదో..."

పీర్‌సాహెబ్ వెయ్యబోయిన గేరు వెయ్యలేదు.

నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏముంది? హారన్ ఒక్కటే. ఆమె ఇంకో మోత కోసం కాదు, మోగని హారన్ కోసమే వెతుకుతోందని ఈయనకెలా తెలుసు? మెల్లమెల్లగా అతనికి ఆ ఎండాకాలం గుర్తొచ్చింది. ఈ దారినే నెమలి ఊరి గుడికి వెళ్లొస్తానని అయ్యగారు ఒక్కడే కారు తీసుకెళ్లిన రాత్రి. తెల్లారి చూస్తే పగిలిన లైటు, సొట్టపడ్డ మడ్‌గార్డు. గేదెను గుద్దానన్నాడు. ఆ సొట్ట తీసింది తనే. ఆ వారమే సున్నపుబట్టీ దగ్గర కూలిపిల్లను ఏదో బండి గుద్దేసి పోయిందని ఊళ్లో అనుకున్నారు.

"అయ్యగారూ... అది గేదె కాదు కదండీ?"

వీరరాఘవయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"చీకట్లో అడ్డమొచ్చిందిరా" అన్నాడు. "నేను నొక్కాను. గట్టిగానే నొక్కాను. మోగలేదు... నన్నేం చెయ్యమంటావు?"

ఏడాదిగా గొంతులో పేరుకున్నదంతా పీర్‌సాహెబ్ తలకెక్కింది. తాళం లాక్కుని దిగాడు. ఆ తెల్లచీర వెనకాలే పరిగెత్తాడు.

"ఆగు! ఎవరైనా సరే, ఆగు!"

ఆమె ఆగింది. దగ్గింది... మామూలు ముసలిమనిషి దగ్గు.

గోడ చాటున వత్తి తగ్గించిన లాంతరు, గోనెపట్టా, మంచినీళ్ల చెంబు. పక్కనే పాత సున్నం కుప్ప. ఆమె కాళ్లకున్న తెలుపు ఆ సున్నమే.

"మనిషివా... అమ్మా?"

"సుబ్బాయమ్మంటారు నన్ను" అందామె. "గంపలగూడెం అవతల మా ఊరు. నా కూతురు చిట్టెమ్మ ఇక్కడే పడింది. తెల్లారేదాకా బతికింది నాయనా. 'కారమ్మా... హారన్ కొట్టలేదమ్మా' అంది. ఇంకేం అనలేదు. ఈ మలుపులో హారన్ కొట్టకుండా ఎవడొస్తాడు? హారన్ లేనివాడే రావాలి. వాడికోసమే కూర్చున్నా."

పీర్‌సాహెబ్‌కి కళ్లలో నీళ్లొచ్చాయి. వాటి మీద కూడా కోపమొచ్చింది.

"ఆ కారు ఇదేనమ్మా. మధ్యాహ్నం దాకా దీనికి హారన్ లేదు. ఇవాళే నేను పెట్టాను. గుద్దినవాడు లోపలున్నాడు."

సుబ్బాయమ్మ వంగి లాంతరు తీసుకుంది.

"ఒరే పీరూ! బండి తియ్! రేపట్నుంచి నీకు నా గుమ్మం లేదు!" కారులోంచి వీరరాఘవయ్య కేకలు.

"మీరు నాకు నేర్పిన పని కేకలెయ్యడమేగా అయ్యగారూ! ఇవాళ వేస్తా!" అని పీర్‌సాహెబ్ కారు దగ్గరికి పరిగెత్తి, కిటికీలోంచి చెయ్యి దూర్చి బిళ్ళ మీద అరచెయ్యి వేశాడు. తియ్యలేదు. తాళం లేకపోయినా మోగే ఆ పాత హారన్ ఏకధారగా మోగుతూనే ఉంది. తోటల్లో కుక్కలు లేచాయి. మామిడితోటల కాపలావాళ్లు కర్రలూ లాంతర్లూ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే దూరంగా బిగుసుకుపోయారు — తెల్లచీర, విరబోసిన జుట్టు చూసి.

పీర్‌సాహెబ్ చెయ్యి తీశాడు.

"ఎ... ఎవరది?" అన్నాడు ఒకడు. "మనిషివేనా?"

సుబ్బాయమ్మ లాంతరు ఎత్తి వెనకసీటు అద్దానికి ఆనించింది. లోపల వీరరాఘవయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"నేను మనిషినే నాయనా" అంది. "ముందు వీణ్ణడగండి... మనిషేనా అని."