మునగాల తిమ్మిరి కేసు

సూర్యాపేటలో ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరిన రెండో నెలలో సౌమ్య బల్ల మీదికి ఒక ఫిర్యాదు వచ్చింది. రాసినవాడు మునగాలలో ఎరువుల దుకాణం నడిపే నర్సయ్య.

"హైవే పక్కనున్న చైనా హోటల్ కూరలో మత్తుమందు కలుపుతున్నారు. మూడు ప్లేట్లు తిన్నాక గంటసేపు నా నోరు నాది కాలేదు. దుకాణానికి వచ్చిన రైతులు నన్ను చూసి నవ్వారు. తగు చర్య తీసుకోగలరు."

అసలు బాధ రైతులు నవ్వడమేనని సౌమ్యకు అర్థమైంది. అయినా ఫిర్యాదు ఫిర్యాదే. మర్నాడు పదకొండింటికి మునగాలలో జీపు దిగింది.

హోటల్ పేరు 'సిచువాన్ వంటిల్లు'. తలుపు పక్కన పెద్ద బోర్డు: "ఇక్కడి కూర తింటే నోరు తిమ్మిరెక్కుతది. పది నిమిషాల్ల పోతది. భయపడేటోళ్లు పక్క ధాబాకు పోవచ్చు."

గిరాకీని పక్క ధాబాకు పంపే వ్యాపారిని ఆమె చూడటం అదే మొదటిసారి.

అతని పేరు పరశురాములు. నడిగూడెంలో గొర్రెలు కాసే వీరయ్య కొడుకు. హైదరాబాద్‌లోని ఓ పెద్ద హోటల్లో, చైనాలోని సిచువాన్ ప్రాంతం చెంగ్డూ నుంచి వచ్చిన వంట మాస్టర్ దగ్గర ఆరేళ్లు పనిచేశాడు. అసలైన సిచువాన్ వంట మన హైవే మీద పెడితే జనం ఎగబడతారని నమ్మి వచ్చాడు. జనం నిజంగానే వచ్చారు. వచ్చిన ప్రతివాడూ "షెజ్వాన్ ఫ్రైడ్ రైస్ ఉన్నదా?" అని అడిగాడు. లేదంటే "మరి ఇదేం చైనా హోటల్?" అని తిట్టి పోయాడు.

"మత్తుమందు ఎక్కడుంది?" సౌమ్య సరాసరి అడిగింది.

"ఇయ్యాల స్టాక్ లేదు మేడం. రేపు రాండ్రి."

సౌమ్య ఫారం తీసి పెన్ను క్యాప్ తెరిచింది. "ఇదే రాసుకోమంటారా?"

"అయ్యో, వద్దు మేడం. జర నవ్వుతరనుకున్న."

అతను లోపలికెళ్లి ఒక గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. ఎర్రగా, నోరు తెరిచిన ధనియాల్లా ఉన్నాయి గింజలు.

"ఇగో, దొంగ ఇదే. సిచువాన్ మిరియం. కారముండదు, తిమ్మిరుంటది. ఒక్కటి నమిలి సూడుండ్రి."

"నాకేం కాదు. మాది మిర్యాలగూడ. ఊరి పేర్లనే మిరియాలున్నయి."

"మీ ఊర్ల బియ్యం మిల్లులు తప్ప మిరియాల తోట ఎన్నడన్న సూసిండ్రా మేడం?"

ఆ మాటకు రోషం వచ్చి, ఒకటి చాలన్నచోట నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలింది.

ముందు నిమ్మతొక్క వాసన వచ్చింది. తర్వాత పెదాల మీద చీమలు పాకినట్టయింది. ఆ తర్వాత నాలుక ఉందో లేదో తెలియలేదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. కోదాడ నుంచి రామలింగయ్య, పెళ్లికొడుకు తండ్రి. అమ్మ అలివేలు మూడు నెలలుగా వెంటపడి కుదుర్చుకొస్తున్న సంబంధం. ఎత్తకపోతే పొగరనుకుంటారు. ఎత్తింది.

"నమత్తాలం అంతుల్."

రామలింగయ్య గొంతు పెంచాడు. "ఏంటమ్మా, అలా మాట్లాడుతున్నావు?"

"దింద తిన్న."

"పొద్దున్నే తాగావా?"

"తాదలే! దింద! దింద!"

సాయం చేద్దామని పరశురాములు ఫోన్ అందుకున్నాడు. అతను చేతులు కట్టుకుని నిలబడి ఉంటే అంతకంటే పెద్ద సాయం అయ్యేది.

"సార్, మేడం తాగలే. నేనే పెట్టిన. పది నిమిషాల్ల దిగుతది."

"నువ్వెవడివి? ఈ సంబంధం మాకొద్దు" అంటూనే అవతల ఫోన్ పెట్టేశారు.

సౌమ్య కళ్లతోనే అతన్ని అరెస్టు చేసి, నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపింది. అతను గ్లాసు పక్కకు జరిపాడు. "నీళ్లొద్దు, ఇంక ఎక్కువైతది. పెరుగు తినుండ్రి."

నాలుక లేని ఆ స్థితిలోనూ ఆమె పెరుగు ప్యాకెట్ తిప్పి తేదీ చూసింది. పరశురాములుకు ఆమె నచ్చింది అప్పుడే.

మాట తిరిగొచ్చాక సౌమ్య గింజల శాంపిల్ నాలుగు భాగాలు కట్టింది. మిగిలిన బస్తాకు సీలు వేసింది. "ల్యాబ్ రిపోర్టుకు పద్నాలుగు రోజులు పడుతుంది."

"తేడా వస్తే?"

"లైసెన్స్ పోతుంది."

అతని ముఖంలో వెటకారం ఆరిపోయింది. "మొదటి రెండేండ్లు నన్ను పొయ్యి కాడికి గూడ రానియ్యలే మేడం. ఉల్లిగడ్డలు కోసుకుంటనే నేర్సుకున్న. ఇది ఖతమైతే మళ్ల గాడికే పోవాలె. ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి, గంతే."

"ఉన్నదే రాస్తా. సంబంధం చెడగొట్టారని ఎక్కువ రాయను, పెరుగిచ్చారని తక్కువ రాయను."

"సంబంధం పోయినందుకు బాధున్నదా మేడం?"

"ఆ కాలమ్ ఫారంలో లేదు."

ఆదివారం నాడు అలివేలు మిర్యాలగూడ నుంచి బస్సులో మునగాల వచ్చింది, వద్దంటున్న కూతుర్ని వెంటేసుకుని. కేసు నడుస్తోంది కాబట్టి సౌమ్య హోటల్ గడప దాటలేదు. తల్లి మాత్రం నేరుగా వంటగదిలోకే వెళ్లింది.

"నా బిడ్డ సంబంధం చెడగొట్టిన మొనగానివి నువ్వేనా?"

"నేనే అమ్మా. కావాలని చేయలే. కోదాడకు పోయి జరిగింది చెప్పొస్త. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంట."

అలివేలు తిట్టడానికి చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. అవన్నీ పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుంది.

"వద్దు. పిల్ల మాట ముద్దగొస్తుంటే తాగినవా అన్నరు గని, పాణం బాగలేదా బిడ్డా అని ఒక్కలన్న అడగలే. వాళ్లు ఫోన్ చేసి చెప్పంగనే పక్షవాతమేమో అని నాకైతే కాళ్లు సేతులు ఆడలే. మూడు నెల్లు ఎసొంటోళ్ల ఎంట తిరిగిన్నో ఇప్పుడు సమజైంది." చెంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏమన్న పెట్టు, ఆకలైతుంది. బిల్లు గూడ రాయి. ఆఫీసర్ తల్లికి ఊరికే పెడితే లంచమైతది."

గింజ లేకుండా నువ్వుల ముద్ద, ఎండుమిర్చి నూనెతో నూడుల్స్ కలిపి పెట్టాడు. అలివేలు "ఉప్పు తక్కువ" అంటూ మొదలుపెట్టి, "కారం సాలదు" అంటూ గిన్నె ఖాళీ చేసింది.

బయట వాన మొదలైంది. పరశురాములు ఒక కుర్చీ తెచ్చి సౌమ్య దగ్గర వేశాడు. "కుర్చీ గూడ లంచమేనా?"

"కూర్చుంటే టీ అంటారు. టీ తర్వాత బిస్కెట్ అంటారు. అట్లనే మొదలైతది."

"ఏం మొదలైతది మేడం?"

సౌమ్య తలతిప్పి హైవే మీద పోతున్న లారీల నంబర్లు చదవసాగింది. వానలో ఒక్కటీ కనిపించడం లేదు.

ఆ మర్నాటి నుంచి అతను రోజూ ఫోన్ చేసి రిపోర్టు వచ్చిందా అని అడిగేవాడు. మొదట్లో అర నిమిషంలో అయిపోయేది. తొమ్మిదో రోజుకు, రిపోర్టు సంగతి ఫోన్ పెట్టేసే ముందు గాని ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే సౌమ్య తన పై అధికారికి ఒక ఉత్తరం రాసింది.

పద్నాలుగో రోజు ఆమె మునగాల వచ్చింది. బస్తా సీలు తీసి కాగితం చేతికిచ్చింది. "మత్తుమందు లేదు. రంగు లేదు. కల్తీ లేదు. నర్సయ్యకు కూడా ఒక కాపీ పంపించాం."

పరశురాములు కాగితం రెండుసార్లు చదివాడు. ఏదో అనబోయి, అంగీ చేతితో కళ్లు తుడుచుకున్నాడు. వెక్కిరింపు తప్ప వేరే భాష రానివాడు అట్లా నిలబడిపోతే సౌమ్యకు ఎటు చూడాలో తోచలేదు. బ్యాగు తెరిచి రెండో కాగితం తీసింది.

"ఇంకొకటి. ఈ రోజు నుంచి మునగాల మండలం నా కింద లేదు. వేరే ఆఫీసర్‌కు ఇచ్చారు."

అతను బిత్తరపోయాడు. "నేనేం తప్పు చేసిన మేడం?"

"మీరేం చేయలేదు. నేనే అడిగి మార్పించుకున్నా. నేను తనిఖీ చేసే హోటల్ ఓనర్‌తో నేనే సినిమాకు పోతే బాగుండదు కదా."

అర్థం కావడానికి అతనికి కొంచెం టైం పట్టింది. "అమ్మకు చెప్పిండ్రా?"

"చెప్పిన. కోదాడలో ఆదివారం ఆటకు టికెట్లు బుక్ చెయ్యమన్నది. మూడు."

"మూడా?"

"నడుమ సీట్ల ఆమె కూసుంటదంట."

"అయితే నాలుగు చేస్త మేడం. మా నాయినను గూడ తీస్కొస్త. పెద్దోళ్లిద్దరు ఒక పక్కకు కూసొని మాట్లాడుకుంటరు."

"చెయ్యి. ముందు ఆ 'మేడం' తీసెయ్" అని సౌమ్య కుర్చీ లాక్కుని కూర్చుంది.