గవాచి కింద నీడ

ప్రొద్దుటూరు పాత బజారులో హజరాబీ కుట్టుమిషన్ అంగడి ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. ఆమె భర్త ముత్తాత అత్తరు అమ్ముకోవడానికి కట్టించిన మట్టిమిద్దె అది. మూరెడు మందం రాతి గోడలు, టేకు దూలాలు, నేలంతా నాపబండలు. కిటికీ అన్నదే లేదు. వెలుతురు కోసం మిద్దె మధ్యలో ఒక కంత వదిలారు, దాన్నే గవాచి అంటారు. మధ్యాహ్నం అందులోంచి ఎండ పళ్లెమంత గుండ్రంగా నేలమీద పడుతుంది. హజరాబీ ఆ వెలుగులోనే కూర్చుని జాకెట్లు కత్తిరిస్తుంది.

ఈమధ్య ఆ వెలుగులోకి ఒక తల నీడ వస్తోంది. ఎవరో పైనుంచి వంగి చూస్తున్నట్టు. పరుగున మిద్దె ఎక్కితే ఎవరూ ఉండరు.

ఆమె అనుమానమంతా మరిది జమీర్ మీదే. అన్న పోయినప్పటి నుంచి ఈ అంగడి పడగొట్టి కాంప్లెక్స్ కడదామని చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు. సగం ఆమె పేరున ఉంది కాబట్టి సంతకం కావాలి. అంగడి పోతే ఆమె నోటికాడి కూడు పోయినట్టే. అందుకే భయపెట్టి వెళ్లగొట్టాలని చూస్తున్నాడు, పెద్దమనిషి.

"మిద్దెమీదికి ఎవర్ని ఎక్కిస్తాండావు జమీర్?" అని నిలదీసింది.

"నాకేం పని భాబీ? గవాచి మూసేద్దాం. అప్పుడు గూడా నీడ పడితే, నేను గాదని ఒప్పుకొని సంతకం పెడతావా?"

"పెడతా. నువ్వు నా పక్కనే కూచోవాల."

దగ్గరుండి మేస్త్రీ చేత గవాచి మీద బండ వేయించి, సిమెంటు పూయించింది. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ లోపల కూర్చున్నారు. ఆమే తలుపేసి, లైటు ఆర్పింది. తడి సిమెంటు వాసన... దాని కింద సన్నగా అత్తరు వాసన. బజారులో ఆటోల హారన్లు ఉన్నట్టుండి వినబడడం మానేశాయి.

నేలమీద వెలుగు పడింది. గుండ్రంగా...

హజరాబీ తలెత్తింది. పైన చీకటి. మూసిన బండ మూసినట్టే ఉంది. మళ్లీ కిందికి చూసింది. వెలుగులోకి తల నీడ మెల్లగా జరుగుతోంది...

జమీర్ వెనక్కి పాకి గోడకు అతుక్కుపోయాడు. ఇతన్నా ఇన్నాళ్లూ అనుమానించాను అని ఆమెకు సిగ్గేసింది. ఇచ్చిన మాట ఇచ్చిందే.

"కాయితం ఇయ్యి... సంతకం పెడతా."

"వద్దు భాబీ," అన్నాడు జమీర్, నీడ మీంచి చూపు తిప్పకుండా. "దీన్ని పడగొడితే... అది యాడికి పోతాది? గోడకవతలే మా ఇల్లు. పిల్లోళ్లుండారు."

ఆ మాట విన్నట్టుంది. గుండ్రంగా ఉన్న నీడకు ముందు ముక్కు కనబడింది. తర్వాత గడ్డం. తల జమీర్ వైపు తిరుగుతోంది.