పద్నాలుగు గుడ్ మార్నింగులు

మారెన్ మా గ్రౌండ్‌లోకి వచ్చిన మొదటి రోజే పప్పులో కాలేసింది.

మెడలో విజిల్, చేతిలో కాగితాలు, నెత్తిన అమెరికా కాలేజీ పేరున్న టోపీ. గేటు దాటగానే విజిల్ ఊది, "అందరూ లైన్లో నిలబడండి!" అంది. గడ్డిలో కూర్చున్న మా పద్నాలుగు మంది ఆడపిల్లలూ కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. మళ్ళీ ఊదింది. వాళ్ళలో కీజియా అనే పిల్ల షూ లేసు విప్పి, తీరిగ్గా కట్టుకుంది.

మారెన్ ముఖం కందగడ్డలా అయింది. "మీరేనా లెన్నార్డ్ సార్? ఈ పిల్లలకి పరుగు నేర్చుకోవాలని లేదా?"

"బోలెడంత ఉంది. పొద్దున్న అయిదింటి నుంచి మీ కోసమే కూర్చున్నారు."

"మరి లేవరేం?"

"ఒక్కరికైనా గుడ్ మార్నింగ్ చెప్పారా?"

"నవ్వానుగా!"

"నవ్వు ఫొటోకి సరిపోతుంది. మా డొమినికా దీవిలో పలకరించకుండా పని చెప్తే, మా అమ్మ చర్చి ఫాదర్‌నైనా గుమ్మం బయటే నిలబెడుతుంది."

వాదిస్తుందనుకున్నాను. గిర్రున తిరిగి గేటు బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చింది. ఒక్కో పిల్ల ముందూ ఆగి, పేరడిగి, కళ్ళలోకి చూసి పద్నాలుగు గుడ్ మార్నింగులు చెప్పింది. కంచెకి కట్టేసిన మేకకి కూడా చెప్పింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నా మనసు అక్కడే చేజారిపోయింది.

"నాకు చెప్పలేదు," అన్నాను.

"మీరు నాకు చెప్పారా?" అంది.



మూడు వారాలు ఇట్టే గడిచాయి. ఊళ్ళో అందరినీ పలకరించుకుంటూ వచ్చేసరికి పది నిమిషాల దారి ఆమెకి అరగంట పట్టేది. నేను వెదురు నరికి హర్డిల్స్ కట్టాను. ఆమె పిల్లలకి వాటిని దాటడం నేర్పింది. తను మాత్రం ఒక్కసారీ దాటలేదు.

ఒక రోజు వాన దంచి కొడితే అందరం రేకుల షెడ్డు కిందకి చేరాం. "మీరెందుకు దూకరు మిస్?" అని కీజియా అడిగేసింది.

మారెన్ టోపీ తీసి నీళ్ళు విదిలించింది. "మార్చిలో పోటీలో మూడో హర్డిల్ తన్నుకుని పడ్డాను. అప్పటి నుంచి హర్డిల్ ఎదురొస్తే కాళ్ళు ఆగిపోతాయి. నిజం చెప్పాలంటే నేను నేర్పడానికి రాలేదు. పరుగు నుంచి పారిపోయి వచ్చాను."

కీజియా పెద్ద ఆరిందాలా తలాడించింది. "దానికి గుడ్ మార్నింగ్ చెప్పారా మిస్? పలకరించకపోతే అదెలా దారిస్తుంది?"

వాన తగ్గింది. మారెన్ బురదలోకి నడిచింది. "గుడ్ మార్నింగ్!" అని గట్టిగా అరిచి పరిగెత్తింది. మొదటిది దాటింది. రెండోది దాటింది. మూడోదాన్ని కూడా పలకరించి దాటింది. పిల్లలంతా ఆమె మీద పడి బురదలో దొర్లించారు. ఆమె నవ్వుతూనే ఏడ్చింది. నేను స్టాప్‌వాచ్ నొక్కడం మరిచిపోయాను. ఆ పిల్లలకి ఎన్ని జన్మలెత్తినా రుణపడి ఉంటాను అనిపించింది.

శనివారం ఆమె తిరుగు విమానం. ఆలోగా నా మనసులో మాట చెప్పాలి. సోమవారం నుంచి రోజూ రేపనుకున్నాను. శుక్రవారం పొద్దున ఆమె గేటు దగ్గర ఎదురైంది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని భయమేసింది. తల దించుకుని, వెదురుబొంగులు మోసుకుంటూ పలకరించకుండా వెళ్ళిపోయాను.

మధ్యాహ్నానికి ఊరంతా గుప్పుమంది.

"ఒరేయ్, ఆ పిల్లకి గుడ్ మార్నింగ్ చెప్పలేదటగా!" అమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. "నిన్ను నేను అలాగే పెంచానా?"

అంతలో మా ఇంటి గేటు దగ్గర మారెన్ గొంతు వినిపించింది. "గుడ్ ఆఫ్టర్నూన్, మిస్ ఎర్నెస్టీన్! మీకు మాత్రమే చెబుతున్నాను. మీ అబ్బాయితో నాకు మాటల్లేవు."

"బాగా అన్నావు తల్లీ," అంది అమ్మ.

"నేనేం తప్పు చేశాను లెన్నార్డ్?" ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "మేకని కూడా రోజూ పలకరిస్తావు కదా!"

నేను లేచి, ఆమె పక్క నుంచే గేటు బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చాను. ఆమె ముందు ఆగాను.

"గుడ్ ఆఫ్టర్నూన్ మారెన్. నువ్వు వెళ్ళిపోతున్నావంటే ఏడుపొచ్చి పొద్దున పలకరించలేకపోయాను. నువ్వంటే నాకు ప్రాణం."

"ఇది చెప్పడానికి మూడు వారాలా?"

"ఇరవై రోజులే. ఇవాళ లెక్కలోకి రాదు."

ఆమె ఫక్కున నవ్వి నా చెయ్యి పట్టుకుంది. "ఈ ఊరు నాకు నా పరుగు తిరిగిచ్చింది. నిన్ను కూడా ఇస్తే కాదంటానా?"

అమ్మ గరిటెతోనే ఆమెని లోపలికి పిలిచింది. "అమ్మాయిని ఎండలో నిలబెట్టి ఆ కబుర్లేంటిరా? రా తల్లీ, కాలలూ ఆకుకూర సూప్ చల్లారిపోతోంది. ఇక నుంచి నువ్వు గేటు దగ్గర ఆగక్కర్లేదు."

ఆ ఏడాదంతా పొద్దున్నే అమెరికా నుంచి ఆమె ఫోన్ వచ్చేది. మొదటి మాట ఎప్పుడూ గుడ్ మార్నింగే.

తర్వాతి జూన్‌లో ఆమె మళ్ళీ మా గ్రౌండ్ గేటు దాటి వచ్చింది. మెడలో విజిల్ ఉంది, ఊదలేదు. పద్నాలుగు మందినీ పేరు పెట్టి పలకరించింది. మేకనీ పలకరించింది. తర్వాత నా ముందుకొచ్చి ఆగింది.

"గుడ్ మార్నింగ్ లెన్నార్డ్," అంది. "పోయినేడు మొదటి రోజుది ఈ గ్రౌండ్‌లో బాకీ పడ్డాను."