సూది తగలని చేపలు

ఏడాది పొడుగునా వాన కురిసే బెర్గెన్‌లో గొడుగు మరిచిపోయి బయల్దేరిన మనిషి ఉందంటే, ఆమె కొంప ఏదో మునిగే ఉండాలి. ఆ ఉదయం డిటెక్టివ్ రాగ్న హౌగ్లాండ్ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ స్త్రీ జుట్టు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. రాగ్న సహాయకుడు ఎస్పెన్ తువ్వాలు అందించాడు. ఆమె దానితో తుడుచుకోవడం మరిచిపోయి ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.

"నా పేరు సోల్‌ఫ్రిడ్. సాల్మన్ చేపపిల్లలకి టీకాలు వేస్తాం, అయిదుగురం ఆడవాళ్ళం. ఈ తీరమంతా తిరిగి వేస్తాం. ఇన్నేళ్ళలో ఒక్క మాట పడలేదు. ఇప్పుడు మమ్మల్ని దొంగల్ని చేశారు."

"ఎవరు?" అంది రాగ్న.

"స్వెర్రె. అవతల దీవిలో చేపల పెంపకం కేంద్రం ఆయనది. సముద్రంలో చేపల్ని పెంచే వలల్లో నాలుగోదాంట్లో చేపలు చచ్చిపోతున్నాయి. క్లోమానికి వచ్చే వైరస్ జబ్బు. టీకా వేసింది దానికే. మా టీకాలో నూనె ఉంటుంది, అది చేప పొట్ట లోపల నల్లటి మచ్చ వదిలిపోతుంది. చచ్చిన చేపల్లో ఆ మచ్చే లేదని చేపల డాక్టరు తేల్చాడు."

"మరి వేశారా, లేదా?"

"బల్ల మీదకొచ్చిన ప్రతి చేపకీ వేశాం!" అంది సోల్‌ఫ్రిడ్. "శుక్రవారం కేంద్రాలవాళ్ళ సంఘం కూర్చుంటుంది. అక్కడ మా పేర్లు చదువుతానన్నాడు. ఇక ఈ తీరంలో మమ్మల్ని ఎవరు పిలుస్తారండీ? సోమవారం వెళ్ళాల్సిన చోటి వాళ్ళు అప్పుడే ఆగమని కబురు పెట్టారు."

రాగ్న లేచి కోటు అందుకుంది. ఆమె సంగతి అంతే. ఒప్పుకున్నానని నోటితో చెప్పదు, కోటు వేసుకుంటుంది. ఎస్పెన్‌కి ఆ కోటు చప్పుడంటే ఎంతో ఇష్టం.

ఫెర్రీ దిగేసరికి స్వెర్రె రేవులోనే ఎదురయ్యాడు. ఎర్రటి మొహం, దానికంటే ఎర్రటి కోపం. సోల్‌ఫ్రిడ్‌ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"డిటెక్టివ్‌ని తెచ్చిందా? బావుంది. చేపలకి సూది వెయ్యడానికి ఓపిక లేదు గానీ దీనికుంది," అన్నాడు.

"మిగతా వలల సంగతేమిటి?" అంది రాగ్న.

"నిక్షేపంలా ఉన్నాయి. నాలుగోదే. అన్నిటికంటే ఆఖర్న నింపింది అదే. పని చివరికొచ్చేసరికి చేతులు నొప్పెట్టి ఉంటాయి, అమ్మగార్లు ఊరికే సూది చూపించి వదిలేసి ఉంటారు!"

పడవలో నాలుగో వల దగ్గరికి వెళ్ళారు. వెంట అర్నుల్ఫ్ వచ్చాడు. చేపపిల్లల తొట్ల దగ్గర జీవితమంతా గడిపిన ముసలాయన, మెత్తని మనిషి. అతను చచ్చిన చేపలు కొన్ని, బతికినవి కొన్ని పైకి తీశాడు. రాగ్న కత్తి తీసుకుని తనే పొట్టలు కోసింది. డాక్టరు చెప్పింది నిజమే. చచ్చినవాటి కడుపు లోపల అద్దంలా ఉంది. బతికినవాటిలో మాత్రం సన్నటి నల్ల మచ్చ కనిపించింది.

పాపం, ఈవిడే తప్పు చేసిందన్నమాట, అనుకున్నాడు ఎస్పెన్. సోల్‌ఫ్రిడ్ వైపు చూడలేక వల వైపు చూశాడు.

రాగ్న మాత్రం చేపల్ని పక్కపక్కన పడుకోబెట్టి వాటి వీపుల మీద వేలితో నిమురుతోంది. "ఎస్పెన్, పొట్ట సరే, రెక్కలు చూశావా?"

చూశాడు. బతికిన చేపల వీపు రెక్కలు అరిగి, అంచులు చిరిగిన గుడ్డల్లా ఉన్నాయి. చచ్చినవాటి రెక్కలు నిండుగా, అందంగా ఉన్నాయి. ఇందులో ఏముందో అతనికి అంతుపట్టలేదు. అడిగితే చెప్పదని తెలుసు కాబట్టి అడగలేదు.

ఒడ్డుకొచ్చాక రాగ్న, సముద్రంలో వదిలేదాకా పిల్లల్ని పెంచే తొట్లన్నీ చూస్తూ నడిచింది. ఒక్కో తొట్టిలో పిల్లలు ఒకదాన్నొకటి రాసుకుంటూ కిక్కిరిసి తిరుగుతున్నాయి. షెడ్డు వెనక మూత వేసిన చిన్న తొట్టి ఒకటుంది.

"అది పాతది. ఏళ్ళ నుంచి వాడటం లేదు," అన్నాడు స్వెర్రె.

రాగ్న మూత ఎత్తింది. లోపల నీళ్ళు లేవు, పాకుడూ లేదు. మూత అడుగున మాత్రం మేత పొడి కొత్తగా అంటుకుని ఉంది. ఆమె వేలికి రాసుకుని వాసన చూసి, మూత మళ్ళీ జాగ్రత్తగా వేసింది.

"సోల్‌ఫ్రిడ్, టీకా వేసే రోజు బల్ల మీదకు ప్రతి పిల్లా వస్తుందా?"

"రాదండీ. మరీ చిన్నవాటికి సూది వెయ్యకూడదు, చచ్చిపోతాయి. మత్తుమందు పెట్టాక పరిమాణం చూసి, చిన్నవాటిని బకెట్లలో వేసి పక్కన పెట్టేస్తాం. బకెట్ల కొద్దీ పోతాయి."

"ఆ బకెట్లు ఏమవుతాయి?"

"మత్తులో ఉండగానే చంపేస్తాం," అన్నాడు అర్నుల్ఫ్. "ఎక్కడైనా అదే పద్ధతి. ఆ పని నాదే. లోపలికి రండి, వాఫుల్స్ వేశాను, చల్లారిపోతాయి."

భోజనాల గదిలో అందరూ కూర్చున్నారు. కాఫీ, గళ్ళ అట్లలాంటి వాఫుల్స్, వాటి మీద గోధుమరంగు జున్ను ముక్కలు. స్వెర్రె ముట్టుకోలేదు. సోల్‌ఫ్రిడ్ చేతిలో ముక్క చేతిలోనే ఉంది. రాగ్న ఒకటి పూర్తిగా తిని, చేతులు తుడుచుకుని మొదలుపెట్టింది.

"సోల్‌ఫ్రిడ్ బృందమే బద్ధకించిందనుకుందాం. అప్పుడు సూది తగిలిన చేపా, తగలని చేపా ఒకే తొట్టిలో పెరిగినట్టే కదా. కిక్కిరిసిన తొట్టిలో పెరిగితే రెక్కలు అరుగుతాయి. బతికినవాటికి అరిగాయి. చచ్చినవాటికి అరగలేదు. అంటే అవి వేరే ఇంట్లో పెరిగాయి. చోటు బాగా ఉన్న ఇంట్లో, ఎవరో కడుపునిండా మేత పెట్టి ముద్దుగా పెంచిన ఇంట్లో."

స్వెర్రె ముందుకు వంగాడు. "ఏ ఇల్లు?"

"ఏళ్ళ నుంచి వాడలేదన్నారే, ఆ తొట్టి. వాడని తొట్టి మూతకి కొత్త మేత ఎలా అంటుకుంటుంది? చచ్చిన చేపలు టీకా బల్ల ఎక్కనే లేదు. అవి బకెట్లోంచి వచ్చాయి. మత్తు దిగేదాకా మంచినీళ్ళలో ఉంచి, అక్కడ పెంచి, నాలుగో వల నింపే రోజున పెద్దవాటిలో కలిపేశారు. ఆ బకెట్లు ఒక్కరి చేతికే వెళ్ళాయి." ఆమె గొంతు మెత్తబడింది. "చెప్పండి అర్నుల్ఫ్ గారూ. మీరే చెబితే బావుంటుంది."

అర్నుల్ఫ్ చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు.

"టీకాలు రాకముందు రోజులు మీకు తెలీవు," అన్నాడు అర్నుల్ఫ్. "అప్పట్లో చచ్చిన చేపల్ని పారలతో ఎత్తిపోసేవాడిని. ఇంటికెళ్ళినా ముక్కులోంచి ఆ వాసన పోయేది కాదు. ఆ సూది వచ్చిన రోజున దేవుడికి దండం పెట్టుకున్నాను. ఈసారి బకెట్లో పిల్లలు మత్తు దిగి కదిలాయి. బతుకుతామంటున్నవాటిని చంపబుద్ధి కాలేదు. చుట్టూ అన్నీ టీకా వేసినవే, వాటి మధ్య ఇవీ బతికేస్తాయిలే అనుకున్నాను."

నలుగురితో పాటు నారాయణ అనుకున్నాడు ముసలాయన. వైరస్ మాత్రం నలుగురినీ వదిలేసి నారాయణనే పట్టుకుంది.

సోల్‌ఫ్రిడ్ లేచి నిలబడింది. "మా మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకున్నావా? పైగా నాకు వాఫుల్స్ వేసి పెట్టావు కదయ్యా!"

"రోజూ చెబుదామనుకున్నానమ్మా. నోరు పెగల్లేదు. ఉద్యోగం పోతుందని కాదు, ఈ వాకిట్లోకి మళ్ళీ రానివ్వరేమోనని భయం." ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "తప్పు చేశాను. నిన్ను ఏడిపించడం ఇంకా పెద్ద తప్పు."

స్వెర్రె బల్ల మీద గుద్దాడు. ఏదో పెద్ద మాటే అనబోయాడు. రాగ్న చెయ్యెత్తింది.

"తిట్టే ముందు ఒక్క సంగతి చూడండి. అదే వల, అవే నీళ్ళు, చుట్టూ అదే జబ్బు. సూది తగిలిన చేపలు మాత్రం హాయిగా మేత తింటున్నాయి. మీ టీకాకి, ఈవిడ చేతికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఎవరూ పెట్టలేరు."

స్వెర్రె మొహంలో ఎరుపు మెల్లగా దిగింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వలల వైపు చాలాసేపు చూశాడు.

"చచ్చినవాటినే చూస్తూ కూర్చున్నాను," అన్నాడు. "బతికినవాటి వంక చూడనే లేదు." తిరిగి వచ్చి సోల్‌ఫ్రిడ్ కుడిచెయ్యి అందుకున్నాడు. సూది నొక్కీ నొక్కీ ఆ బొటనవేలు కాయ కాచి ఉంది. "ఆ నీళ్ళలో ఈదే ప్రతి చేపా నీ చేతి చలవే. చాలా రుణపడ్డాను నీకు. ఈ మాట శుక్రవారం అందరి ముందూ అంటాను. ఇప్పుడే ఫోన్ చేసి సోమవారంవాళ్ళకీ చెబుతాను. అర్నుల్ఫ్, నువ్వూ వస్తావు. జరిగింది నీ నోటితోనే చెబుతావు. శనివారం యథాప్రకారం పనిలోకి వస్తావు. ఇకమీదట బకెట్ల దగ్గర మాత్రం నీ పక్కన నేనుంటాను."

"చెబుతాను," అన్నాడు అర్నుల్ఫ్. చెప్పమన్నందుకే అతనికి ప్రాణం లేచొచ్చినట్టుంది. "మీకు పుణ్యముంటుంది."

సోల్‌ఫ్రిడ్ మళ్ళీ కూర్చుంది. క్షమించానని అనలేదు. చేతిలో ఉన్న వాఫుల్ ముక్క మాత్రం నోట్లో పెట్టుకుంది.

తిరుగు ఫెర్రీలో ఎస్పెన్ ఉండబట్టలేకపోయాడు. "రాగ్న గారూ, నిజం చెప్పొద్దూ, పొట్టలు కోసినప్పుడు నేను ఈవిడే చేసిందనుకున్నాను."

"నేనూ అనుకున్నాను," అంది రాగ్న. "అందుకేగా ఇంకోసారి చూశాను."

డెక్కు చివర సోల్‌ఫ్రిడ్ వానలో తడుస్తూనే ఫోన్ చెవికి ఆనించుకుంది. ఇన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు ఇప్పుడు కట్టలు తెంచుకుంది. ఆ ఏడుపులోనే గట్టిగా కేకేస్తోంది:

"నలుగురూ ఎక్కడున్నారే? వినపడుతోందా? సూదులు ఉడకబెట్టండి. సోమవారం మనకి పనుంది!"