దీవెన నీడమనిషి

2068లో ముత్తనపల్లి జనం చేలోకి దిగేముందు తమ నీడమనిషిని చూసుకుంటున్నారు. ఊళ్లో ప్రతి మనిషికీ, ప్రతి బావికీ, ప్రతి మిరపచేనుకూ కంప్యూటర్‌లో ఒక ప్రతిరూపం ఉంది. గాలివాటం, మందుడబ్బా కారే చోటు, ఒంటిమీది బట్ట, తాగే నీరు అన్నీ లెక్కగట్టి, పురుగుమందు ఎవరి ఒంట్లోకి ఎంత చేరుతోందో ఆ నీడమనిషి రంగు చెబుతుంది. ఆకుపచ్చ అయితే నిశ్చింత. ఎరుపయితే మందు దరిదాపులకు పోకూడదు.

ఈ యంత్రం పేరు ‘జాడ’. తయారుచేసింది ముప్పయ్యేళ్ల ప్రణవి. ఇంకా ప్రయోగదశే కాబట్టి ఎరుపు హెచ్చరిక ఊరివాళ్లకు కనబడాలంటే డాక్టర్ సంహిత ఆమోదం కావాలి.

సంహిత ఇరవై రెండేళ్లు కూలీల చొక్కాలకు మందు పీల్చుకునే దూదిబిళ్లలు కుట్టి, మూత్రం సీసాలు మోసి, ఒక్కో మనిషి లెక్కా తేల్చింది. ఆమె ఏడాదంతా చేసే పని జాడ రెప్పపాటులో చేసేస్తోంది. సభల్లో చప్పట్లన్నీ ప్రణవికే. “అంతా మేడమ్ దగ్గర నేర్చుకున్నదే” అని ఆ పిల్ల అన్నప్పుడల్లా సంహితకు ఒళ్లు మండేది.

అక్టోబరులో ఆ ఊళ్లోని దీవెన అనే ఆమె నీడమనిషి ఎర్రబడింది. దీవెన మందుడబ్బా ముట్టనే ముట్టదు. కొట్టేది ఆమె భర్త. యంత్రం తప్పు దొరికిందని సంహిత హుషారుగా ఊరికి బయల్దేరింది.

“నేనేడ మందు కొడతానమ్మా? మా ఆయన కొట్టొచ్చాక ఆ బట్టలు ఉతకటమే నా పని” అంది దీవెన, మూత్రం సీసా అందిస్తూ. “నాకేం కాదుగా?”

“ఏం కాదులే.”

ల్యాబ్‌లో ఫలితం వచ్చింది. అచ్చంగా జాడ చెప్పిన అంకె. ఉతికే చేతుల గుండా విషం లోపలికి పోతోంది. ఆ హెచ్చరికను ఆమోదిస్తే ఇక తన అవసరం ఎవరికీ ఉండదని సంహితకు తోచింది. తెరమీద ‘మళ్లీ పరీక్షించాలి’ అని నొక్కింది. ఇంకొక్కసారి చూద్దాం, అనుకుంది. అలా అనుకుంటూనే పందొమ్మిది రోజులు గడిపేసింది.

ఆ మర్నాడు దీవెన బట్టల బకెట్ పక్కనే పడిపోయింది. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది గానీ చేతుల వణుకు ఆగలేదు.

సంగతి తెలిసి ప్రణవి ఏడ్చి ఉబ్బిన కళ్లతో ల్యాబ్‌కు వచ్చింది.

“నా లెక్క తప్పబట్టే కదా మేడమ్, మీరు హెచ్చరిక ఆపారు. నేను సరిగ్గా కట్టి ఉంటే ఆమెకిలా అయ్యేది కాదు. ఎక్కడ తప్పానో చెప్పండి.”

సంహిత యంత్రాన్నే అడిగింది: “ఈ సీజన్‌లో దీవెన ఒంట్లోకి విషం ఏ దారుల్లో చేరింది?”

జాడ ఎప్పటి గొంతుతోనే చెప్పింది. “గాలి ద్వారా ఆరు శాతం. నీటి ద్వారా మూడు. బట్టలు ఉతకడం వల్ల, పరీక్ష ఫలితం రాకముందు, ఇరవై నాలుగు. బట్టలు ఉతకడం వల్ల, ఫలితం తెలిసిన తర్వాత, అరవై ఏడు.”

ప్రణవి తెరవైపు తిరిగింది. “ఎవరికి తెలిసిన తర్వాత?”

జాడ జవాబిచ్చేలోపే సంహిత అంది.

“నాకు.”